రోజుకు నాలుగు తిప్పులు, ఒక కొసరు

ఇస్తాంబుల్ నగరంలో ఒక మనిషిని నా చేత్తో నాలుగు సెంటీమీటర్లు పొడుగు చేసి వచ్చాను. దేవుడు ఎప్పుడో ఆపేసిన పనిని అరవై తొమ్మిదేళ్ల వయసులో నేను అందుకుని పూర్తి చేశాను. అక్కడి పెద్ద డాక్టరు నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, ఇలాంటి చెయ్యి తన సర్వీసులో చూడలేదన్నాడు. వెనకాల ఏడుగురు డాక్టర్లు నిలబడి ఆ మాట రాసుకున్నారు.

కిషన్‌బాగ్‌లో మా గల్లీ చివర చాయ్ హోటల్లో ఇదే చెప్పాను. అందరూ నమ్మారు, ఒకాయన రెండో చాయ్ కూడా తాగించాడు. కానీ ఇది కాగితం. కాగితం మీద ఏడుగురు డాక్టర్లంటే నాకే సిగ్గుగా ఉంది. ఇద్దరు. అందులో ఒకామె నర్సు. డాక్టరు నా చెయ్యి చూసిన మాట మాత్రం నిజం. ఎందుకు చూశాడో ఇప్పుడే చెప్తే మీరు ఇక్కడే చదవడం ఆపేస్తారు కనుక తర్వాత చెప్తాను.

పొడుగైన మనిషి పేరు స్వప్న, మా తమ్ముడి కూతురు. ఇరవై ఆరేళ్లు. సైదాబాద్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తుంది. ఏడేళ్ల వయసులో స్కూటర్ మీంచి పడి ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. విరిగింది అతుక్కుంది గానీ, ఎముక పెరిగే చోట దెబ్బ తగిలింది. కుడికాలు దాని దారిన అది పెరిగింది. ఎడమకాలు నాలుగు సెంటీమీటర్లు వెనకబడి అక్కడే ఆగింది. స్కూటర్ నడిపింది నేను. ఎదురుగా లారీ వచ్చింది.

అప్పటి నుంచి ఆ పిల్ల ఏ చెప్పులు కొన్నా ముందు మోచీ దగ్గరికి పోవాలి. ఎడమ చెప్పు కింద రెండు వేళ్ల మందం రబ్బరు అతికించాలి. చార్మినార్ దగ్గర బండి మీద చెప్పులు కుప్ప పోసి అమ్ముతుంటే చెల్లెళ్లు ఇద్దరూ ఎగబడేవాళ్లు, ఈమె వాళ్ల సంచులు పట్టుకుని నిలబడేది. కాలు సరి అయితే ఏం చేస్తావని ఒకసారి అడిగాను. ఏ ఊటీయో అంటుందనుకున్నాను.

"కుప్పల కెళ్లి ఒక జత తీస్త పెద్దబాపు. ఆడనే ఏసుకుంట. పాతయి ఆడనే ఇడ్సిపెట్టి ఎనక్కి సూడకుంట నడుస్త."

ఇలాంటి ఆపరేషన్ మన ఊళ్లోనూ చేస్తారు. కానీ వాళ్ల సెంటర్లో డాక్టరమ్మ ఇస్తాంబుల్లో కొన్నాళ్లు నేర్చుకుని వచ్చిన మనిషి; చిన్నప్పటి విరుపు ఉన్న ఎముకకు అక్కడి తన గురువుగారి చెయ్యే మంచిదని చెప్పింది. ఎముక పెరుగుతుంది, భయం లేదు; ఎముకతోపాటు నరం కూడా సాగి రావాలి, తొందరపెడితే పాదం స్పర్శ పోతుంది, అది ఒక్కటే భయం అని కూడా చెప్పింది. తమ్ముడికి బర్రెలున్నాయి. మరదలికి విమానమంటే కళ్లు తిరుగుతాయి. తోడు నేను పోతానన్నాను. నన్నెవరూ అడగలేదు. అయినా అన్నాను.

అర లీటరు కొలత

నా సంచిలో రెండు జతల బట్టలు, మామిడికాయ తొక్కు, పాలు పోసే అర లీటరు కొలత. యాభై ఏళ్లుగా ఆ కొలత నా చేతిలో ఉంది, దాని పిడి నా వేళ్లకు తగ్గట్టు వంగింది. ఇస్తాంబుల్‌లో దిగాక అక్కడి ఆఫీసరు తొక్కును వదిలేసి కొలతను పట్టుకున్నాడు. తలకిందులు చేశాడు, వేలితో కొట్టి మోగించాడు.

"ఇదేందని అడుగుతున్నడు," అంది స్వప్న.

"నూరు బర్రెల షావుకారి నిషానీ అని చెప్పు."

ఆమె ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆఫీసరు నవ్వి, నా భుజం తట్టి పంపించాడు.

"ఏం చెప్పినవ్ బిడ్డా?"

"మా పెద్దబాపు పాలాయన, పదకొండు బర్రెలున్నయి, గా కొలత లేకుంటె రాత్రి నిద్రవట్టదని చెప్పిన."

బర్రెల సంగతి మీకు ఇప్పుడే తెలిసిపోయింది కాబట్టి ఇక దాచను. పదకొండే.

గడప దగ్గర చెప్పులు

ఆస్పత్రికి రెండు వీధుల అవతల ఒక మూడంతస్తుల ఇంట్లో గది తీసుకున్నాం. ఇంటామె పేరు సెవిమ్. బడిలో పాఠాలు చెప్పి మానేసిన మనిషి, నాకంటే నాలుగేళ్లు చిన్న. ఇంగ్లీషు రాదు. ఫోన్లో వాళ్ల భాషలో మాట్లాడితే ఫోన్ హిందీలో చెప్పేది, నేను ఉర్దూ కలిపి జవాబిచ్చేవాణ్ణి. పది రోజుల్లో తుర్కీ భాష నాకు వచ్చేసిందని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. వచ్చింది ఎంతంటే: హవా, దునియా, హఫ్తా, సాబూన్, షకర్. ఇవి మన పాతబస్తీలో అందరికీ వచ్చినవే, అక్కడా అవే. ఆ ఐదు మాటలతో ఒక పూట గడపొచ్చు. నేను గడిపాను.

మనం గడప బయట చెప్పులు విప్పి వట్టి కాళ్లతో లోపలికి పోతాం. అక్కడ విప్పగానే ఇంటివాళ్లు లోపల వేసుకోవడానికి వేరే చెప్పులు ఇస్తారు. వచ్చిన ప్రతివాడికీ ఇస్తారు. గ్యాస్ బండ మోసుకొచ్చినవాడికీ ఇచ్చారు, నేను చూశాను. చెప్పులు ఇవ్వకపోతే మనిషిని గౌరవించనట్టట. సెవిమ్ నాకు గోధుమరంగువి పెట్టింది. స్వప్నకు ఎర్రవి, మీద ఉన్ని పువ్వు ఉన్నవి.

స్వప్న తన రబ్బరు చెప్పు విప్పి ఎర్రవాటిలో కాళ్లు పెట్టింది. ఎడమవైపు ఒరిగిపోయి గోడ పట్టుకుంది. సెవిమ్‌కు అప్పుడు అర్థమై, చెంపలు పట్టుకుని, చెప్పులు తీసేయడానికి వంగింది.

"వద్దని చెప్పు పెద్దబాపు. తీయొద్దు. గడపల్నే ఉండనియ్యుమను."

ఆ ఎర్ర చెప్పులు అక్కడే ఉండిపోయాయి. రోజూ సెవిమ్ వాటి దుమ్ము దులిపేది.

టిక్

ఆపరేషన్ సంగతి రాయను, నేను బయట కుర్చీలో ఉన్నాను. (లోపలికి రమ్మన్నారని హోటల్లో చెప్పాను. ఎవరూ రమ్మనలేదు.) బయటికి తెచ్చేసరికి పిల్ల కాలికి మోకాలి కింద మూడు ఇనుప చక్రాలు, చక్రాలకూ ఎముకకూ మధ్య సన్నని తీగలు, చక్రాన్నీ చక్రాన్నీ కలుపుతూ నాలుగు కడ్డీలు. ఎముకను మధ్యలో కోసి వదిలారు. కోసిన చోట సందు రోజుకు కొంచెం వెడల్పు చేస్తూ పోతే, ఆ సందులో కొత్త ఎముక నిండుతుంది. బర్రె ఈనినట్టు దీనికీ ఒక పద్ధతి ఉంది, మనం తొందరపడేది కాదు.

వారం ఆగి తిప్పడం మొదలుపెట్టారు. కడ్డీకి చివర ఒక మర. తిప్పితే టిక్ అంటుంది. ఒక టిక్‌కు పావు మిల్లీమీటరు. నాలుగు కడ్డీలకూ ఒక్కొక్క టిక్, అది ఒక తిప్పు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు. రోజుకు నాలుగు తిప్పులు, ఒక మిల్లీమీటరు. నర్సు ఒకసారి చూపించింది. రెండోసారి నేను తిప్పాను. పాలు పితికిన వేళ్లు కదా, పిల్లకు నొప్పి తెలియలేదు.

"నేనే తిప్పుకుంట, వంగనీకె వస్తది," అంది స్వప్న.

"నేనున్నది ఎందుకు? టర్కీ సూడనీకె వచ్చిన్నా?"

అదీ నిజమే. చూడటానికి కూడా వచ్చాను.

బర్రె మీగడ

తిప్పడం మొదలుపెట్టిన రెండో రోజు పొద్దున వీధి చివర ఒక కొట్టు కనిపించింది. అద్దం వెనక పళ్లెంలో తెల్లగా చాపచుట్టలా చుట్టిన మీగడ. లోపలికి పోయి చూపుడువేళ్లు తలకు రెండువైపులా కొమ్ముల్లా పెట్టి అడిగాను. కొట్టతను, మీసాల మనిషి, సంతోషంగా గోడమీది బొమ్మ చూపించాడు. నల్లబర్రె! ఆవు కాదు. బురదలో కూర్చున్న అసలు బర్రె. నేను దాని బొమ్మకు దండం పెడితే, అతను నాకు సలాం పెట్టాడు.

పొద్దున్నే మీగడ మీద తేనె పోసి రొట్టెతో తినడం వాళ్ల అలవాటు. మన దగ్గర మలాయ్ పాన్ డబ్బా పక్కన రాత్రిపూట దొరికే వస్తువు. వాళ్లు దానితో దినం మొదలుపెడతారు. ధర మాత్రం మన డబ్బుల్లో మూడొందలకు అరచెయ్యి అంత. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. అప్పుడతను తూకం చూసి, కాగితం మడవబోతూ ఆగి, ఇంకో చెంచా మీగడ తీసి పైన వేశాడు. తూకం చూపించలేదు. ఊరికే.

కొసరు! అయ్యా, ఇన్ని సముద్రాలు దాటొచ్చిన చోట కొసరు!

పాలమ్మేవాడికి కొసరు ఏమిటో మీకు చెప్పాలి. లీటరు కొలిచి పోశాక ఒక ధార అదనంగా పోస్తాం. ఎవరూ అడగరు. పోయకపోతే కొలత పూర్తయినట్టు చేతికి అనిపించదు. మా నాయన గిన్నె పట్టినవాడి మొహం చూడకుండా పోసేవాడు, నేనూ అంతే. నూనె ఎక్కువైతే కూర పాడవుతుంది, ఉప్పు ఎక్కువైతే పాడవుతుంది, పాలు ఎక్కువైతే ఎవడికీ నష్టం లేదు. యాభై ఏళ్లు నా చెయ్యి నేర్చుకున్నది ఆ ఒక్క సంగతే.

ఆ రాత్రి నాలుగో తిప్పు అయ్యింది. నర్సు ఇచ్చిన కాగితంలో గీత పెట్టాను. వేళ్లు మాత్రం మర మీదే ఉన్నాయి. స్వప్న ఫోన్ చూసుకుంటోంది. నాలుగు కడ్డీలకూ ఇంకొక్కసారి, మెల్లగా: టిక్, టిక్, టిక్, టిక్.

కొసరు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ.

పన్నెండు పైన

ఎనిమిదో రోజుకు పిల్ల పాదంలో చీమలు పాకినట్టుందన్నది. పెరిగే కాలు, ఉంటుందిలే అన్నాను. పదకొండో రోజు పొద్దున డాక్టరు దగ్గరికి పోయేటప్పటికి బొటనవేలు, దాని పక్కవేలు మొద్దుబారాయి. పాదం పైకెత్తమంటే సగమే లేచింది.

ఎక్స్‌రే పెట్టారు. డాక్టరు కంటే ముందు స్వప్నే చూసింది, అది ఆమె రోజూ చేసే పని. స్కేలు పెట్టి కొలిచారు. పది మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు పన్నెండు దాటింది. లోపల నిండాల్సిన కొత్త ఎముక పలచటి మజ్జిగలా ఉంది.

"ఎవరు తిప్పుతున్నారు?" అన్నాడు డాక్టరు. ఆ ఇంగ్లీషు నాకూ అర్థమైంది.

అప్పుడే ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని చూశాడు. ఇలాంటి చెయ్యి చూడలేదన్నాడు. మెచ్చుకోలు కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నేను లేచి నిలబడ్డాను. గుండె మీద చెయ్యి వేసుకుని మొత్తం చెప్పాను. నాదే తప్పు, నేనే తిప్పాను, రోజుకొకటి ఎక్కువ తిప్పాను, మా నాయన పాలు పోసిన తీరు నుంచి అన్నీ చెప్పాను. స్వప్న దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. డాక్టరు కళ్లు చెమర్చాయేమో, అద్దాల వల్ల సరిగా కనిపించలేదు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. ఆరు రోజులు తిప్పొద్దు. రెండు మిల్లీమీటర్లు వెనక్కి తగ్గిస్తాను. నరానికి ఊపిరి ఆడాలి. ఆరు రోజుల్లో వేళ్లకు స్పర్శ వస్తే మళ్లీ మెల్లగా మొదలుపెడదాం. రాకపోతే ఇక్కడితో ఆపేద్దాం, ఒక సెంటీమీటరుతో.

ఒక సెంటీమీటరంటే మిగిలిన మూడు మళ్లీ రబ్బరే. మళ్లీ మోచీనే.

ఇంటికొచ్చాక గడప దగ్గర ఎర్ర చెప్పుల వైపు నేను చూడలేదు.

ఆరు రోజులు

మూడు రోజులు నేను తిన్నది తక్కువ. (రొట్టెలు ఆరు, రోజుకు. మామూలుగా పది తింటాను.) స్వప్నే చంకకర్రల మీద నడుస్తూ నన్ను పడవ దాకా తీసుకుపోయింది. పడవలో కూర్చుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయి, చాయ్ తాగి, మళ్లీ ఈ ఒడ్డుకు రావడం అక్కడివాళ్లకు మామూలు. నడుము సన్నగా ఉన్న గాజు గ్లాసులో పాలు లేని ఎర్రచాయ్. పాలు లేని చాయ్ తాగే ఊళ్లో పాలాయన ఎలా బతుకుతాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. పడవ వెంట తెల్లపక్షులు వస్తాయి. నువ్వులు అద్దిన గుండ్రటి రొట్టె ముక్కలు విసిరితే గాల్లోనే అందుకుంటాయి. నేను విసరకముందే ఒకటి నా చేతిలో రొట్టె మొత్తం లాక్కుపోయింది. స్వప్న పడీపడీ నవ్వింది. ఆ పిల్ల నవ్వితే నాకు ఇంకా బాధేసింది.

ఆ సాయంత్రం సెవిమ్ బఠానీలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని ఫోన్ తీసుకుని చెప్పాను. కొసరు గురించి చెప్పాను. అది చాలక లారీ గురించి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, పంతొమ్మిదేళ్లుగా తమ్ముడికి కూడా చెప్పలేదు. లారీ రాలేదు. ఖాళీ రోడ్డు. ముందు పిల్ల నిలబడి ఉంది, వెనక పాలక్యాన్లు. రోడ్డవతల తెలిసినాయన కనిపిస్తే, మా కొత్త బర్రె ఎన్ని లీటర్లిస్తుందో చెప్పడానికి హ్యాండిల్ వదిలి రెండు చేతులూ చాపాను. ఇచ్చేది ఎనిమిది. నేను పద్నాలుగని చూపిస్తున్నాను.

ఫోన్ ఆమెకేం చెప్పిందో! సెవిమ్ బఠానీలు ఒలవడం ఆపింది. తర్వాత గిన్నెలో కాయలు సగం నా ఒళ్లో పోసి ఫోన్లో ఏదో అంది. ఫోన్ హిందీలో చెప్పింది: "ఊరికే కూర్చోకు, ఒలువు."

ఒలిచాను.

ఐదో రోజు పొద్దున మీగడ తెచ్చాను. పిల్ల మడమ పగిలి ఉంది. బర్రె పొదుగు పగిలినా, మనిషి కాలు పగిలినా మా ఇంట్లో మీగడే రాస్తాం. తీగలకు దూరంగా వేళ్లకూ మడమకూ రాశాను. (నర్సు తర్వాత ఈ సంగతి తెలిసి నన్ను తిట్టింది. తిట్టడానికి ఆ భాషలో మంచి మాటలున్నాయి.) రాసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాను.

ఒక్కసారిగా కేక! పరుగెత్తుకొచ్చాను. సెవిమ్ మెట్లెక్కి వచ్చింది. మంచం చివర సెవిమ్ పిల్లి, దాని పేరు పాషా, స్వప్న బొటనవేలి మీద మీగడ శ్రద్ధగా నాకుతోంది. ఆ పిల్ల రెండు చేతులతో పరుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది.

"తియ్యి పెద్దబాపూ, దాన్ని తియ్యి! నాలిక గరుకున్నది! మస్తు గరుకున్నది!"

నేను తీయబోయి ఆగాను.

"ఏ వేలు బిడ్డా?"

ఆమె కూడా ఆగింది. కిందికి చూసింది.

"పెద్దేలు," అంది. "ఇగో, ఇప్పుడు పక్కేలు."

పాషాను ఎవరూ తీయలేదు. మిగిలిన మీగడ, ఆ మూడొందల మీగడ, మొత్తం పాషాకే పెట్టాను. సెవిమ్ ఏడ్చి, నవ్వి, నా తలమీద ఒకటి కొట్టింది. అది ఆ దేశంలో ఆచారమో కాదో అడగలేదు.

రెండూ ఒకే ఎత్తు

మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి రోజుకు మూడే తిప్పులు. మర తిప్పే పని స్వప్నకు వదిలేసి పక్కకు జరిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని మళ్లీ మర మీద పెట్టింది.

"నువ్వే తిప్పు. నేను లెక్కవెడ్త."

నలభై రోజులు అలాగే. నేను తిప్పడం, ఆమె గట్టిగా లెక్కపెట్టడం, చివరి కడ్డీ అయ్యాక "బస్, చెయ్యి తియ్యి" అనడం. సెవిమ్ కూడా తెలుగులో "బస్, చెయ్యి తియ్యి" నేర్చుకుని, నేను రెండోసారి అన్నం పెట్టుకుంటే అనేది.

చివరి కొలత రోజు ఇంటికొచ్చి గడపలో స్వప్న ఎర్ర చెప్పుల ముందు నిలబడింది. కాలికి చక్రాలు ఇంకా ఉన్నాయి, పాదం మాత్రం ఖాళీ. కుడికాలు పెట్టింది. ఎడమకాలు పెట్టింది. చంకకర్రలు నాకిచ్చింది. నిలబడి, కుడివైపు ఒరిగి, గోడ పట్టుకుంది!

"నేల వంకరున్నది," అంది.

నేల తిన్నగానే ఉంది. పంతొమ్మిదేళ్లు ఒక పక్కకు ఒరిగిన ఒళ్లు, తిన్నగా నిలబడితే పడిపోతున్నాననుకుంది. రెండు రోజుల్లో ఒళ్లు ఒప్పుకుంది.

బయలుదేరే రోజు సెవిమ్ ఆ చెప్పులు కాగితంలో చుట్టి ఇచ్చింది. నేను నా అర లీటరు కొలత ఇచ్చాను. బఠానీలు కొలుస్తానంది. కొసరు వేయడం మర్చిపోవద్దని చెప్పాను. ఫోన్ దానికి ఏ మాట వాడిందో, ఆమె వేలు చూపించి బెదిరించింది.

చక్రాలు కొన్ని నెలల తర్వాత ఇక్కడ మన ఊళ్లోనే తీశారు. తీసి ఇంకో రెండు నెలలయ్యాక ఒక ఆదివారం చార్మినార్ దగ్గర స్వప్న కుప్పలోంచి నల్లపట్టీల జత ఒకటి లాగింది. నూటెనభై. అక్కడే వేసుకుంది. రబ్బరు ఊడదీయించిన పాత చెప్పులు బండి పక్కన విడిచిపెట్టి నడిచింది. బండాయన వెనక నుంచి, "అమ్మా, మీ చెప్పులు" అని అరిచాడు. ఆమె తిరగలేదు. నేను తిరిగి, అవి మావి కావని చెప్పాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాల్లో అది మంచిది.

చదివి వినిపించాను

ఇదంతా రాశాక జల్‌పల్లిలో తమ్ముడి ఇంటికి పోయి స్వప్నకు చదివి వినిపించాను. ఆ నల్లపట్టీల చెప్పులతోనే కుర్చీలో కూర్చుని, ఒక కాలు ఊపుతూ వింది. లారీ దగ్గర కాలు ఊపడం ఆపింది, మళ్లీ ఊపింది. అయిపోయాక మెచ్చుకుంటుందని కాగితాలు మడిచి కూర్చున్నాను.

"మొదటి లైనే తప్పు. నాలుగు గాదు, మూడు పాయింట్ ఎనిమిది. ఎక్స్‌రే దీసింది నేనే."

"గంతేనా?"

"డాక్టర్ ముందట నువ్వేం ఒప్పుకోలే."

"గుండె మీద చెయ్యేసుకొని ఒప్పుకున్న గదనే!"

"చెయ్యేసుకున్నవ్. ఏసుకొని, 'మిషిన్ల ఏదో ఖరాబున్నది సార్, ఇంకోటియ్యున్రి' అన్నవ్. తెలుగుల."

నాకు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

"మరి నువ్వు ఆయనకు ఇంగ్లీషుల శానసేపు జెప్పినవ్ గదా, ఏం జెప్పినవ్?"

"ఇద్దరం కలిసి ఎక్కువ తిప్పినమని చెప్పిన."

"ఇద్దరమెక్కడిది? నువ్వు ఫోన్ సూస్తుంటివి!"

"ఫోన్ల ఏమున్నది? మొదటి రాత్రే ఇన్న, ఐదో టిక్కు. రోజూ ఇన్న. నాకు గూడ జల్ది గావాలె, గా ఎర్ర చెప్పులు ఏసుకోవాలె. గందుకే సప్పుడు జెయ్యలే." చెప్పు వేసిన ఎడమకాలితో నా మోకాలి మీద తట్టింది. "కొసరు పోసింది నువ్వు. గిన్నె పట్టింది నేను. గది రాయి."